సైకిలు చక్రపు రిమ్ములకు ఇంటియొద్ద రంగు చల్లుట

సెలవులు సమీపించినపుడెల్ల మీలో నలుగురైదుగురు మాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, మా సైకిలు రిమ్ములు త్రుప్పు పట్టినవి. స్ప్రే డబ్బా కొని ఇంటియొద్దనే రంగు చల్లుకొనవచ్చునా?" అని అడుగుట వాడుకయైనది. చల్లుకొనవచ్చును. మీకు చేతనగు పనియే. చక్కగా చేసినయెడల రిమ్ము మరికొన్ని ఏండ్లు మన్నును. తల్లిదండ్రులకు క్రొత్త చక్రము వెల మిగులును. అయితే ఈ పనిలో మీరు తొట్టతొలుత అడుగవలసిన ప్రశ్న "ఏ రంగు?" అనునది కాదు. "నా సైకిలునకు బ్రేకు ఎక్కడ తాకును?" అనునది. ఈ ప్రశ్నకు ఉత్తరము తెలియనివారు రంగు డబ్బా మూత తీయరాదు.

చక్రమునకు నడుమ హబ్బును, దానినుండి వెలువడు చువ్వలును, ఆ చువ్వల కొనలను పట్టియుంచు వలయమును గలవు. ఆ వలయమే రిమ్ము. పెద్ద నల్ల సైకిళ్లలో ముందు చక్రమునకు 32, వెనుక చక్రమునకు 40 చువ్వలుండుట వాడుక. మనిషి బరువు వెనుక చక్రముపై నెక్కువగా పడుటయే దీనికి కారణము. అట్టి సైకిలు టైరుపై 28 × 1½ అని అచ్చువేసియుండును. టైరు కూర్చుండు చోట ఆ రిమ్ము వ్యాసము 635 మిల్లీమీటర్లు. వృత్తపరిధి లెక్క నేర్చినవారు దీనిని 22/7 చేత హెచ్చవేసి చూడుడు. ఇంచుమించు 2 మీటర్లు వచ్చును. ఈ 2 మీటర్ల సంగతి జ్ఞాపకముంచుకొనుడు. ముందు దానితో పని కలదు.

ఇక బ్రేకులు. పెద్ద నల్ల సైకిలునకుండునది కడ్డీ బ్రేకు. పిడిని నొక్కగానే ఇనుప కడ్డీలు గుఱ్ఱపు నాడావంటి ముక్క నొకదానిని రిమ్మువైపు లాగును. దాని రెండు రబ్బర్లును రిమ్ము లోపలి ముఖమున, అనగా ఇరుసువైపు చూచుచున్న ముఖమున, చువ్వలకు ఇరుప్రక్కల ఒత్తుకొనును. తీగ బ్రేకు గల సైకిలులో అట్లు కాదు. అందు రెండు రబ్బర్లు పట్టకారు కొనలవలె రిమ్ము యొక్క ఇరుప్రక్కల గోడలను పట్టుకొనును. డిస్కు బ్రేకు గాని హబ్బులోపల దాగియుండు బ్రేకు గాని ఉన్న చక్రములో రిమ్మును బ్రేకు తాకనే తాకదు. అట్టి రిమ్మునకు వెలుపల అంతటను రంగు వేసికొనవచ్చును. అయితే ఒకే సైకిలునకు ముందు డిస్కును, వెనుక తీగ బ్రేకును ఉండుట కద్దు. కావున ఒక చక్రమును చూచి రెండవదానిని ఊహింపరాదు. దేనికది చూడవలయును.

చూచుటకు తేలికయైన ఉపాయము మన తరగతిగదిలోనే కలదు. సుద్దముక్క తీసికొని రిమ్ము ప్రక్కలను, లోపలి ముఖమును చుట్టును తెల్లగా రుద్దుడు. చక్రమును పైకెత్తి త్రిప్పి, బ్రేకును మెల్లగా నొక్కుడు. సుద్ద ఎక్కడ చెరిగిపోయినదో అదియే బ్రేకు త్రోవ. ఆ త్రోవపై రంగు పడరాదు. దాని అంచుల వెంబడి సన్నని పెన్సిలు గీత గీసికొన్నయెడల తరువాత టేపు అంటించునపుడు తడబాటు ఉండదు.

ఏల పడరాదు? లోహమును రబ్బరు ఒరసికొనుటచేతనే చక్రము నిలుచుచున్నది. ఆ ఒరపిడిలో చక్రపు వేగమంతయు వేడిమిగా మారును. వాలులో బ్రేకు పట్టుకొని దిగిన తరువాత రిమ్మును వ్రేలితో తాకి చూచినవారికి ఇది తెలియును. నడుమ రంగు పొర యొకటి ఉన్నయెడల అది ఆ వేడిమికి మెత్తబడి, పొడిపొడిగా రాలి, రబ్బరునకు అంటుకొనును. అప్పుడు రబ్బరు ముఖము నున్నగా గాజువలె తయారగును, పట్టు తప్పును. వానలో క్రోమియము పూత గల ఉక్కు రిమ్ముపై బ్రేకు పట్టు అసలే తక్కువ. దానికి రంగు కూడ తోడైనయెడల చెప్పవలసినదేమున్నది?

మూడేండ్ల క్రిందట మా పదవ తరగతి బాలుడొకడు క్రిస్మసు సెలవులలో తన సైకిలు రిమ్ములకు చిలుకపచ్చ రంగు చల్లుకొని, జనవరిలో బడి తెరచిన దినమున దానిపై వచ్చెను. రంగు చూడముచ్చటగానే యుండెను. వాని స్నేహితులందరును చుట్టు మూగిరి. ఆ సాయంకాలము ఇంటికి పోవుచు కాలువ వంతెన దిగుడులో దూడ యొకటి అడ్డము రాగా బ్రేకు నొక్కెను. బ్రేకు పట్టలేదు. వాడు దూడను తప్పించి గట్టు ప్రక్కనున్న జిల్లేడు పొదలలో పడెను. మోచేయి చీరుకొని నాలుగు కుట్లు పడినవి. దేవుని కృపచేత అంతటితో పోయినది. ఆ ప్రక్కనే నిండు కాలువ. మరునాడు సైకిలు తెప్పించి చూచితిమి. బ్రేకు రబ్బర్లు నాలుగింటికిని పచ్చరంగు పలుచగా అంటుకొని మెరయుచుండెను. వాని తండ్రి రంగు కల్తీదని తలంచెను. రంగు మంచిదే, అది పడిన చోటు మంచిది కాదు.

గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోవు సైకిలు ఒక సెకనులో 4 మీటర్లకు పైగా సాగిపోవును. బ్రేకు ఒక్క సెకను ఆలస్యముగా పట్టినను ఆ 4 మీటర్లు మన చేతిలో లేవు. ఇంటి గుమ్మమునుండి వీధి నడుమకు అంతకన్న ఎక్కువ దూరము ఉండదు.

బ్రేకు త్రోవ తెలిసిన తరువాత రిమ్ము రంగు వేయుటకు తగినదో కాదో చూడవలయును. టైరును, ట్యూబును, చువ్వల తలలను కప్పు పట్టీని తీసివేయుడు. చువ్వ రంధ్రముల చుట్టును పగుళ్లు గలవేమో వెలుతురులో పరికింపుడు. త్రుప్పుపట్టిన చోట స్క్రూడ్రైవరు కొనతో గట్టిగా నొక్కుడు. కొన లోపలికి దిగెనా, లేక పెచ్చులు ఊడి రంధ్రము పడెనా, ఆ రిమ్ము పని తీరినదే. అల్యూమినియపు రిమ్ములో బ్రేకు త్రోవ పల్లెమువలె గుంటపడియున్నయెడల దాని గోడ అరిగి పలుచబడినదని అర్థము. అట్టిది ఒకనాడు గాలి ఒత్తిడికి ప్రక్కకు చీలును. ఇట్టివాటిని సైకిలు షాపువానికి చూపవలెను గాని రంగుతో కప్పరాదు. ప్రభువు పరిసయ్యులతో చెప్పిన సున్నము కొట్టిన సమాధుల మాట మిషను బడి పిల్లలకు క్రొత్త కాదు గదా!

రిమ్ము ఉక్కుదా, అల్యూమినియముదా అని తెలిసికొనుటకు సైన్సు గదిలోని అయస్కాంతము చాలును. అయస్కాంతము అంటుకొన్నది ఉక్కు. రెండింటికిని క్రింద వేయు ప్రైమరు వేరు గనుక ఇది తెలియవలయును.

ఉక్కు రిమ్ముపై తళతళలాడునది క్రోమియము పూత. అది మిక్కిలి పలుచనిది. దాని క్రింద నికెలు పూత యుండును. ఆ పూతలలో కంటికి కానరాని సన్నని బెజ్జములును బీటలును గలవు. వాటిగుండ తేమ లోపలికి చొరబడి ఇనుమును చేరును. ఇనుము, నీరు, ప్రాణవాయువు మూడును కూడినచోట త్రుప్పు పుట్టును. త్రుప్పు తాను పుట్టిన ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమించును. కావుననే క్రిందినుండి పూతను పొంగించి పెచ్చులుగా లేపును. మచిలీపట్నము, కాకినాడ, భీమునిపట్నము వంటి సముద్రతీర పట్టణములలో సైకిళ్లు వేగముగా త్రుప్పుపట్టుటకు గాలిలోని ఉప్పు కారణము. ఉప్పు కరగిన నీరు విద్యుత్తును బాగుగా ప్రవహింపజేయును. త్రుప్పు పట్టుటయు విద్యుద్రసాయన క్రియయే గనుక అది త్వరపడును.

త్రుప్పును పూర్తిగా తీయక పైన రంగు వేసినయెడల అది రంగు క్రింద కూర్చుండి తన పని తాను చేసికొనుచునే యుండును. ఆరు నెలలలో రంగు బొబ్బలెక్కి ఊడును. ఈ పనిలో పది పాళ్లలో ఎనిమిది పాళ్లు తోముటయే యని మా అభిప్రాయము. రంగు చల్లుటకు పట్టునది కొన్ని నిమిషములు మాత్రమే. మీకు ఇష్టమైనది ఆ కొన్ని నిమిషముల పని. అక్కరకు వచ్చునది మొదటి పూట పని.

మొదట కిరసనాయిలులో తడిపిన గుడ్డతో జిడ్డును తుడువుడు. కిరసనాయిలు తానును కొంచెము నూనె పొరను విడుచును గనుక తరువాత సబ్బునీటితో గాని కుంకుడు పులుసుతో గాని కడుగవలయును. జిడ్డు పోకముందే గరుకు కాగితము పట్టుట తప్పు. జిడ్డు గీతలలోనికి ఎక్కి కూర్చుండును. తీగ బ్రష్షుతో పైపెచ్చులు రాల్చి, 120 నంబరు గరుకు కాగితముతో త్రుప్పు గుంటలను తోమి, తరువాత 220, ఆపైన 320 నంబరు కాగితము పట్టుడు. నంబరు పెరిగినకొలది కాగితము నున్నన. త్రుప్పు లేక క్రోమియము బాగుగానున్న చోటను కాగితము పట్టవలసినదే. తళతళలాడు క్రోమియముపై రంగు నిలువదు, తామరాకుపై నీటిబొట్టువలె జారును; మెరుపు చచ్చి మసకబారువరకు గరుకు చేయవలెను. అయితే బ్రేకు త్రోవను మాత్రము ఈ గీతలకు దూరముగా నుంచుడు. అచ్చట త్రుప్పు ఉన్నయెడల నున్నని కాగితముతో మెల్లగా తీసి విడువుడు.

ఈ తోముడు నీటితో తడిపి చేయుట మేలు. పొడిగా తోమినయెడల లోహపు ధూళియు, పాతరంగు ధూళియు ముక్కులోనికి పోవును. పాతరంగులలో సీసము ఉండవచ్చును. మన దేశమున గృహాలంకరణ రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని 2016లో నియమము చేయబడి, 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. ఆ నియమము ఇంటి రంగులకే గాని కర్మాగారములలో లోహమునకు వేయు రంగులకు వర్తింపదు; అంతకుమునుపు వేసిన పాతరంగుల మాట చెప్పనే అక్కరలేదు. సీసము చిన్నపిల్లల మెదడునకు హాని చేయునది. తోమిన బురదను పాత కాగితములలోనికి ఎత్తి పారవేయుడు. కోళ్లు తిరుగు పెరటిలో పారబోయకుడు. పని ముగిసిన తరువాత చేతులు కడుగక అన్నము ముట్టరాదు.

గుంటలలో మిగిలిన త్రుప్పునకు మన వంటింటి చింతపండు మంచి మందు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము త్రుప్పును కరగించును. చిక్కని గుజ్జును పట్టించి ఒక గంట ఉంచి రుద్దినయెడల గుంట నల్లబడి శుభ్రపడును. మీ అమ్మగారు ఇత్తడి బిందెలు తోమునపుడు చింతపండుతో ఉప్పును కలుపుదురు. ఇత్తడికి అది సరియే. ఇనుమునకు ఉప్పు కలుపరాదు. ఏలయనగా పైని చెప్పినట్లు ఉప్పే త్రుప్పునకు తోడు. గుజ్జును మంచినీటితో రెండు మూడుమారులు కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి, అరగంట ఎండలో నుంచుడు. కడిగిన ఇనుమును తడిగా విడిచి భోజనమునకు పోయి వచ్చులోగా దానిపై పసుపు గోధుమవన్నె చారలు మరల కానవచ్చును. తోమిన దినముననే ప్రైమరు పడవలయును.

ఉక్కునకు మన యూళ్లలో అందరు నెరిగిన రెడ్ ఆక్సైడే తగిన ప్రైమరు. అది స్ప్రే డబ్బాలలోను దొరకును. దాని ఎరుపు ఇనుప ఆక్సైడువలన వచ్చినది. త్రుప్పును తన చుట్టముతోనే కప్పుచున్నామని ఎనిమిదవ తరగతివారు నవ్వవచ్చును. కాని పూర్తిగా ఆక్సీకరణము చెందినది ఇక చెందవలసినది లేక స్థిరముగా నుండుటయే ఇందలి తెలివి. అల్యూమినియమునకు రెడ్ ఆక్సైడు సరిగా అంటదు. దానికొరకే చేసిన ప్రైమరు అడిగి తీసికొనవలయును.

ఇక కప్పుట. బ్రేకు త్రోవపై కాగితపు టేపును పొట్టి ముక్కలుగా ఒకదానిపై నొకటి కొంచెము ఎక్కునట్లు అంటించి, అంచును గోటితో నొక్కుడు. పొడవైన ముక్క వంపుమీద ముడుతలు పడును. ముడుత క్రిందికి రంగు పాకును. చువ్వలకు శీతలపానీయపు గొట్టములను నిలువున చీల్చి తొడిగిన చాలును. నిప్పిళ్లను, అనగా చువ్వకొనను రిమ్మునకు బిగించు చిన్న మరలను, టేపుతో చుట్టుడు. వాటిలోనికి రంగు దిగి బిగిసినయెడల తరువాత చక్రము వంకర తీయువాడు కీ త్రిప్పలేక మిమ్మును తిట్టుకొనును. హబ్బును గుడ్డతో మూటకట్టుడు. టైరు కూర్చుండు లోపలి గాడిలోను, ఉక్కునకు ప్రైమరు పలుచగా తప్ప రంగు వేయవద్దు. దళసరిగా పడిన రంగు టైరు అంచును సరిగా కూర్చుండనీయదు.

ఇప్పుడు డబ్బాను గురించి కొంచెము చెప్పుకొందము. 1927లో నార్వే దేశస్థుడు ఎరిక్ రోథైమ్ డబ్బాలోని ద్రవమును వాయువు ఒత్తిడిచే చిమ్మించు ఉపాయమునకు పేటెంటు పొందెను. దానిలో రంగు నింపి చిమ్మించినవాడు అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రమున నున్న ఎడ్వర్డు సీమూర్; అది 1949లో. మొదట నింపినది అల్యూమినియపు రంగు. ఆ కాలమున డబ్బాలలో చిమ్ము వాయువుగా క్లోరోఫ్లోరోకార్బనులను వాడుచుండిరి. అవి ఆకాశమున ఓజోను పొరను హరించుచున్నవని తెలిసి, 1987లో మాంట్రియలు ఒడంబడికచే వాటిని మాన్పింప నిర్ణయించిరి. మన దేశము 1992లో ఆ ఒడంబడికలో చేరినది. నేటి రంగు డబ్బాలలో ఎక్కువగా నుండునది ప్రొపేను, బ్యూటేను మొదలగు వాయువులు. అనగా వంటింటి గ్యాసు బండలోని వాయువుల జాతియే. ఓజోనునకు మేలు, నిప్పునకు కీడు. పొయ్యి, దీపము, అగరువత్తి ఉన్నచోట ఈ పని చేయరాదు.

డబ్బాలో ఆ వాయువు ఒత్తిడిచే ద్రవమై రంగుతో కలిసియుండును. మీట నొక్కగానే రెండును కలిసి వెలికి వచ్చి, వాయువు ఒక్కుమ్మడి ఆవిరియై రంగును తుంపరలుగా చీల్చును. ఒక మిల్లీమీటరు వ్యాసము గల బొట్టును దానిలో ఇరువదవ వంతు వ్యాసము గల తుంపరలుగా చీల్చినయెడల ఎన్ని యగును? 20 × 20 × 20, అనగా 8000. వాటన్నిటి ఉపరితలము కలిపి మొదటి బొట్టునకు 20 రెట్లు. ఉపరితలము పెరిగినందుననే రంగు అంత త్వరగా ఆరును, అంత సమముగా పరచుకొనును. కుంచెతో రిమ్మునకు వేసిన రంగునకు ఈ సొగసు రాదు.

డబ్బా లోపల చిన్న గోలీ యొకటి కలదు. అడుగున పేరుకొన్న రంగును కలుపుటకే అది. గోలీ గలగల వినబడిన తరువాత రెండు నిమిషములు ఊపుడు. నడుమ నడుమ మరల ఊపుడు. పిల్లలు ఇచ్చటనే ఓపిక చాలక నీళ్ల రంగు చల్లుదురు.

రెండు స్టూళ్లను ఎడముగా పెట్టి, చక్రపు ఇరుసు కొనలను వాటి అంచులపై ఆనించి, చక్రము స్వేచ్ఛగా తిరుగునట్లు నిలుపుడు. ఇది ఇద్దరి పని. ఒకరు చక్రమును మెల్లగా త్రిప్పవలెను, ఒకరు చల్లవలెను. ఇరువది, ఇరువదియైదు సెంటీమీటర్ల దూరమునుండి, సెకనునకు 30 సెంటీమీటర్లు సాగునట్లు చల్లుట మంచి పద్ధతి. మన రిమ్ము చుట్టు 2 మీటర్లు గదా! అనగా ఒక చుట్టునకు ఇంచుమించు 7 సెకనులు. త్రిప్పువారు ఒకటి మొదలు ఏడు వరకు పైకి లెక్కపెట్టుచు త్రిప్పినయెడల కుదురును. చక్రము కదలుటకు ముందు మీట నొక్కరాదు, ఆగిన తరువాత నొక్కియుంచరాదు. అచ్చటనే రంగు కారును.

ప్రైమరు రెండు పలుచని పూతలు. ఆరిన తరువాత 400 నంబరు కాగితముతో తడిపి మెల్లగా రుద్ది తుడిచి ఆరబెట్టుడు. ఆపైన రంగు మూడు పలుచని పూతలు, పూతకు పూతకు పది పదునైదు నిమిషముల ఎడము. మొదటి పూతలో ప్రైమరు ఇంకను కానవచ్చుచుండవలెను. ఒక్కమారే అంతయు కప్పబోయినవారికి చారలే దక్కును. రంగు వేయవలసిన వెడల్పు 3 సెంటీమీటర్లనుకొన్న ఒక రిమ్మునకు 600 చదరపు సెంటీమీటర్లు; మీరు పరీక్షలు వ్రాయు ఏ4 కాగితమంతయే! అయినను డబ్బా త్వరగా తరుగును. ఏలయనగా చల్లినదానిలో చాల భాగము చువ్వల సందులగుండ అవతలికి పోవును. అవతల దండెముపై అమ్మగారి చీరలు ఆరుచున్నవేమో ముందే చూచుకొనుడు.

కాలము కూడ ముఖ్యమే. సంక్రాంతి మొదలు మార్చి వరకు, మంచు విడిచిన తరువాత గాలి లేచుటకు ముందు, ఉదయము తొమ్మిది పదకొండు గంటల నడుమ శ్రేష్ఠము. వానకాలమున చల్లిన రంగు పాలవలె తెల్లబారును. రంగులోని ద్రావకము ఆవిరియగుచు పొరను చల్లబరచును. కూజాలో నీరు చల్లబడునట్లే. చల్లబడిన పొరపై గాలిలోని తేమ మంచువలె దిగి రంగులో చిక్కుకొనును. మే నెల మిట్టమధ్యాహ్నము చల్లినచో తుంపరలు దారిలోనే ఆరి రిమ్ముపై ఇసుకవలె రాలును. ఎండలో పెట్టిన డబ్బా అపాయము. 50 డిగ్రీలకు మించిన వేడిమి తగలనీయరాదని డబ్బాలపైననే వ్రాసియుందురు. రెంటచింతల ఎండలో ఇనుప రేకు ఎంత కాలునో ఆ ప్రాంతపువారికి చెప్పనక్కరలేదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. రంగు ద్రావకముల ఆవిరి తలనొప్పిని, తలతిరుగుటను కలిగించును. మూసిన గదిలో ఇంకను చెరుపు. ముఖమునకు కట్టిన చేతిగుడ్డ తుంపరలను కొంత ఆపునేమో గాని ఆవిరిని ఏమాత్రము ఆపదు. బొగ్గు నింపిన మాస్కు ఒక్కటియే దానిని ఆపును. కావున ఆరుబయటనే, గాలికి వీపుపెట్టి, పెద్దలెవరైన దగ్గరనుండగా చేయింపుడు. ఉబ్బసము గల పిల్లలను ఈ పనికి రానీయకుడు. మరియొక సంగతి చెప్పుటకు మాకు కష్టముగానున్నను చెప్పక తప్పదు: ఇట్టి వాసనలను కావలెనని పీల్చు దురలవాటు బాలురలో అక్కడక్కడ కలదు, దానివలన ఒక్కసారిగా గుండె ఆగిపోవుటయు కలదు. డబ్బాను మీ బీరువాలో పెట్టి పనిదినమున మీ చేతితో ఇండు.

రంగు పైకి ఒక గంటలో ఆరినట్లుండును. నమ్మకుడు. చివరి పూత తడియారి తాకుటకు వీలైన వెంటనే టేపును వెనుకకు మడచి మెల్లగా లాగివేయుడు. పూర్తిగా గట్టిపడువరకు ఉంచినయెడల అంచు పెచ్చుగా ఊడును. తరువాత చక్రమును నీడలో వ్రేలాడదీసి, తొందరపడక ఒక వారము విడువుడు. ఒక రకపు రంగు సరిగా ఆరకముందే మరియొక రకపు రంగు దానిపై చల్లినచో పొర ముడుతలు పడును గనుక, ప్రైమరును రంగును ఒకే కంపెనీవి తీసికొనుట మంచిది. వారము గడచిన తరువాత పట్టీ, ట్యూబు, టైరు ఎక్కింపుడు. టైరు ఎక్కించునపుడు ఇనుప పట్టీలు వాడక బొటనవ్రేళ్లతో నెట్టుడు. క్రొత్త రంగు మొదట గీకుకొనిపోవునది అచ్చటనే.

సైకిలు ఎక్కుటకు ముందు బ్రేకు త్రోవను శుభ్రమైన గుడ్డపై కొంచెము థిన్నరు వేసి తుడువుడు. గుడ్డకు రంగు అంటినయెడల అంటకపోవువరకు తుడువుడు. థిన్నరు ప్రక్కనున్న క్రొత్త రంగును తాకరాదు, టైరును తాకరాదు. బ్రేకు రబ్బర్ల ముఖమును గరుకు కాగితముపై రెండుమారులు రుద్దుడు. పిమ్మట మన పాఠశాల ఆటస్థలము వంటి చదునైన చోట, మనుష్యులు లేని వేళ, మెల్లగా త్రొక్కి ముందు బ్రేకును వెనుక బ్రేకును వేరువేరుగా నొక్కి చూడుడు. మొదట నడక వేగమున, తరువాత పరుగు వేగమున. ఒకసారి రిమ్మును నీటితో తడిపి కూడ చూడుడు. ఈ సంవత్సరము సైకిలు రంగు వేసికొన్నవారు వంతెన దిగుటకు ముందు మా యొద్దకు తెచ్చి సుద్దముక్క పరీక్ష మరల చేయించుకొని పోవలెనని మా కోరిక. శనివారము మధ్యాహ్నము సైన్సు గది తెరచియే యుండును.

మిగిలిన డబ్బాను తలక్రిందుగా పట్టి, వాయువు మాత్రమే వచ్చువరకు మీట నొక్కినయెడల రంధ్రము మూసికొనిపోదు, మరల పనికివచ్చును. ఖాళీ డబ్బాను పొడువరాదు, చెత్తతో కలిపి మంటలో వేయరాదు.